7 నిమిషాల స్టూడెంట్ థ్రిల్లర్: ఫ్యాక్షన్ సినిమా పద్ధతులు వాడుకుంటూ సీమ మనుషుల్ని సరిగ్గా చూపించడం ఎట్లా?

ఆదోని_ఫ్రేమ్ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. డిగ్రీ చివరి సెమిస్టర్ ప్రాజెక్టు కింద నలుగురం కలిసి 7 నిమిషాల థ్రిల్లర్ తీయాలి. దాంతోపాటు 2,000 పదాల రిపోర్టు ఇవ్వాలి. రిపోర్టులో రెండు ప్రశ్నలకు జవాబు తప్పనిసరి. ఈ తరహా సినిమాల పద్ధతుల్లో ఏవి వాడుకున్నారు, ఏవి మార్చారు, ఏవి కాదన్నారు? ఏయే సామాజిక వర్గాలను ఎట్లా చూపించారు?

కథ ఇది. ఆదోని దగ్గర పల్లె. బెంగళూరులో పనిచేసే పిల్లోడు ఊరికొస్తాడు. వాళ్లమ్మ సుగ్గికి, గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోయిందని చెబుతారు. కానీ ఇంటికి కొత్త తాళం వేసుంటుంది. తెల్ల పంచె, మీసాలు, సుమో ఉన్న ఊరి పెద్దమనిషి మీద అనుమానం వస్తుంది. చివర్లో తేలేదేందంటే, ఆయనే అమ్మకు అండగా నిలబడినాడు. మిగతా పాత్రలు: పిల్లోడి స్నేహితుడు, సాయిబుల అబ్బాయి, మెకానిక్. తండా నుంచి వచ్చి పాలు పోసే సుగాలి ఆమె. పెద్దమనిషి దగ్గర జీతగాడు.

సుమో, లో యాంగిల్, స్లో మోషన్ వాడకపోతే ఇది సీమ థ్రిల్లర్ అని చూసేవాళ్లకు తెలియదు. వాడితే మళ్లీ మనల్ని మనమే కత్తులు పట్టుకున్నోళ్లుగా చూపించుకున్నట్టు అవుతుంది. దీన్ని ఎట్లా తెంచుకోవాలి? సామాను: ఒక ఆండ్రాయిడ్ ఫోను, ట్రైపాడ్, ఒక వైర్‌లెస్ కాలర్ మైకు. 2 రోజుల షూటింగు, 6,000 రూపాయలు.

చిత్రావతి

తమ్ముడూ, కెమెరా సంగతి తర్వాత. ముందు కథలోనే ఒక చిక్కు ఉంది.

పెద్దమనిషిని ఆఖరుదాకా విలన్‌లా చూపించి, చివరి నిమిషంలో మంచోడని తేలిస్తే మూసను పగలగొట్టినట్టేనని నీ ఆలోచన. లెక్క వేసి చూడు. 7 నిమిషాల్లో 6 నిమిషాలు జనం భయపడింది దేన్ని చూసి? పంచె, మీసం, సుమో, వెనకాల చేతులు కట్టుకుని నిలబడిన మనిషి. ఆ 6 నిమిషాలూ నీ సినిమా నడిచింది ఆ మూస మీదే. చివర్లో ‘ఈయన ఒక్కడు అట్లాంటోడు కాదు’ అన్నావంటే, ‘మిగతావాళ్లు అట్లాంటోళ్లే’ అని చెప్పకనే చెప్పినట్టు. తలకిందులు చేసినా మూస మూసే.

పద్ధతి వేరు, మూస వేరు. పద్ధతి అంటే కథ ఎట్లా చెబుతామో చూసేవాళ్లకు ముందే తెలిసిన ఒక ఒప్పందం. బండి వచ్చి ఆగింది, తలుపు తెరుచుకుంది, కాలు నేల మీద పడింది, ముఖం ఇంకా చూపించలేదు. ఇది పద్ధతి. ‘ఎవరో పెద్దవాడు వచ్చినాడు, కాసేపు ఆగు’ అని మాత్రమే చెబుతుంది. మూస అంటే నిజంగా బతికున్న మనుషుల మీద ఇచ్చే తీర్పు: సీమోడంటే కొడవలి. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2001లో ‘నరసింహనాయుడు’, 2002లో ‘ఇంద్ర’ వరసగా ఆడేసరికి ఈ రెండూ కలిసి ఒకే ముద్దయిపోయినాయి. వాటిని విడదీయడమే నీ పని. మొదటిది నిండుగా వాడుకో, రెండోది వదిలెయ్.

ఎట్లాగంటే, మూసను చివర్లో కాకుండా మొదటి నిమిషంలోనే విడగొట్టు. సుమో ఆగుతుంది, తలుపు, చెప్పు, స్లో మోషన్, అంతా ఉండనీ. ఆయన దిగి జేబులోంచి మడతపెట్టిన కాగితం తీస్తాడు. కళ్లజోడు పెట్టుకున్నా కనపడదు. ‘అబ్బోడా, అచ్చరాలు మరీ చిన్నగా ఉండాయి, సర్వే నంబరు ఏముందో చూడు’ అని పిల్లోడికే ఇస్తాడు. అది అడంగల్ (పొలం రికార్డు) నకలు. పట్టాదారు గడిలో అమ్మ పేరే ఉంది. అనుభవదారు (పొలం సాగు చేసుకుంటున్న మనిషి) గడిలో మాత్రం ఇంకెవరి పేరో ఉంది. ఇంక ఉత్కంఠ అంతా ఆ గడిలోకి పోతుంది. ఆ పేరు ఎవరిది, ఎవరు ఎక్కించినారు, అమ్మ నిజంగా సుగ్గికే పోయిందా. ప్రతి పాత్ర మీదా అనుమానం వస్తుంది, కానీ ఎవరి మీదా బట్టల వల్లో పేరు వల్లో రాదు.

ఇప్పుడు పాత్రలు. సామాజిక వర్గం అనగానే మనకు కులం ఒక్కటే గుర్తొస్తుంది. నీ రిపోర్టుకు ప్రాంతం, మతం, ఆడా మగా, వయసు, చేసే పని, మాట్లాడే యాస, అన్నీ లెక్కలోకి వస్తాయి.

మెకానిక్ స్నేహితుడు: ముస్లిం పాత్రకు తెలుగు సినిమాలో రెండు అచ్చులు తయారుగా ఉన్నాయి. ఒకటి అనుమానించదగ్గవాడు. రెండోది హీరో కోసం ప్రాణమిచ్చే మిత్రుడు. రెండోది చూడ్డానికి మంచిగా ఉంటుంది కాబట్టి అది మూస అని ఎవరూ పట్టుకోరు. పరీక్ష ఇది: ఆ పాత్రను తీసేసి ఒక ఆటో పెట్టు. కథ ఆగిందా? ఆగకపోతే అతను హీరోను ఊరంతా తిప్పే బండి, అంతే. అతనికి ఆ రోజు సొంత అవసరం ఒకటి ఇవ్వు. సాయంత్రానికి ట్రాక్టరు ఇంజను బిగించి అప్పజెప్పాలి, పిల్లోడేమో పక్కకు లాక్కుపోతాండాడు, కోపం వస్తుంది. ఇంట్లో ఏం మాట్లాడతారో కూడా తేల్చుకో. దూదేకుల ఇళ్లలో తెలుగే. కర్నూలు, కడప టౌన్లలో చాలా ఇళ్లలో దక్కనీ ఉర్దూ. రెండింటినీ కలిపి ఎక్కడా లేని ‘నేను వస్తాడు’ తెలుగు మాట్లాడించొద్దు. గుర్తింపుకు పేరు చాలు. టోపీ, అత్తరు, వెనకాల అజాన్ అన్నీ కలిపి పేర్చాల్సిన పని లేదు.

సుగాలి ఆమె: అద్దాల లంగా, దంతపు గాజుల్లాంటివి పూసలతో సహా తెచ్చి ‘కొంచెం ఇవి కట్టుకోండమ్మా’ అని అడగొద్దు. పాలు పోయడానికి ఆమె ఏ చీర కట్టుకుని వస్తుందో అదే చీర. కథలో ఆమె బలం వేరే ఉంది. తెల్లారి 5 గంటలకు ప్రతి గడపకూ పోయే మనిషి ఆమె ఒక్కతే. కొత్త తాళం ఏ రోజు పడిందో ఊళ్లో ఆమెకే తెలుసు. ఆమె ఫోన్లో కూతురితో గోర్ బోలీలో మాట్లాడితే ఆ మాటలకు తెలుగు సబ్‌టైటిల్ వెయ్యి. వెయ్యకపోతే ఆమె భాష వట్టి శబ్దం అయిపోతుంది.

జీతగాడు: నువ్వు రాసిన దాంట్లోనే చూడు, అతనికి పేరు లేదు, పని కూడా రాయలేదు. ముందు పేరు పెట్టు. తర్వాత అరుగు మీద టీ సీను ఒకటి రాయి. పెద్దమనిషికి, పిల్లోడికి స్టీలు గ్లాసు, ఇతనికి కాగితం గ్లాసు. ఎవరూ ఏమీ అనరు. గ్లాసుల మీద 2 సెకన్ల క్లోజప్, కట్. మూస వద్దన్నామని ఊళ్లో తేడాలే లేనట్టు చూపించడం కూడా అబద్ధమే కదా. పెద్దమనిషి మంచోడే, గ్లాసూ అదే. రెండూ ఒకే మనిషిలో ఉన్నప్పుడే ఆయన మనిషిలా కనిపిస్తాడు.

అమ్మ: 7 నిమిషాల్లో ఆమె ఒక్కసారైనా కనిపించాలి, ఏడవకుండా. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు లెక్కపెట్టుకుని నడుముకు దోపుకోవడం, జొన్నల మూట కట్టడం, ఇంకేదైనా సరే. సుగ్గికి పోవాలన్న నిర్ణయం ఆమెది అని తెలిస్తే చాలు.

హంద్రీ_గట్టు

చిత్రావతి అక్క చెప్పిన కథ మార్పు అట్లే పెట్టుకో. నేను ఫ్రేము సంగతి చెబుతా, ఎందుకంటే ఎవరికి ఏ షాట్ ఇచ్చినావో అదే నువ్వు వాళ్లను చూపించిన తీరు. డైలాగులో ఎంత గౌరవం రాసినా, కెమెరా మనిషిని నెత్తి మీద నుంచి చూస్తే ఆ గౌరవం నిలబడదు.

ఫోను సెట్టింగులు ముందు. సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 సెకను. మన కరెంటు 50 హెర్ట్జ్, లైటు సెకనుకు 100 సార్లు మిణుకుతుంది. షట్టర్ 1/50 లేదా 1/100 ఉంటే ప్రతి ఫ్రేములోనూ మిణుకులు సమానంగా పడతాయి, ట్యూబ్‌లైటు కింద చారలు రావు. ఫోను ఆటోలో వదిలేస్తే అదే సీనులో షట్టర్ మారిపోయి చారలు పైనుంచి కిందికి పాకుతాయి. ఎడిటింగులో అవి పోవు. ఫోను కెమెరాలో ప్రో వీడియో లేకపోతే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఉచితం, కాకపోతే అన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో పనిచేయదు, ముందే చూసుకో.

బయట ఎండలో 1/50 పెడితే తెల్లగా కొట్టేస్తుంది, ఫోను లెన్సుకు మూసుకునే అపర్చర్ లేదు కాబట్టి. లెన్సులోకి పోయే వెలుగు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్, క్లిప్పుతో తగిలించేది కొను. మీ బడ్జెట్‌లో ముందు కొనాల్సింది అదే. కొనలేకపోతే బయటి సీన్లు పొద్దున 9 లోపల, సాయంత్రం 4 తర్వాత పెట్టుకో. మధ్యాహ్నం నడినెత్తి ఎండలో కళ్ల గుంటల్లో నల్లటి నీడలు పడి ప్రతి ముఖమూ కోపంగా కనిపిస్తుంది. సీమ సినిమాల్లో అందరూ కోపంగా ఉన్నట్టు అనిపించడానికి ఇదీ ఒక కారణం.

స్లో మోషన్ సుమో షాట్: 25లో తీసి ఎడిటింగులో లాగితే ఫ్రేములు కుదుపుగా వస్తాయి. 50లో తియ్యి. ఫోన్లో 50 లేకపోతే 60లో తీసి 25 టైమ్‌లైన్‌లో వేస్తే 2.4 రెట్లు నెమ్మదిస్తుంది. తెర మీద 8 సెకన్లు కావాలంటే నిజంగా తలుపు తెరిచి కాలు పెట్టడం 3.3 సెకన్లలో అయిపోవాలి. నటుడికి ఈ సంగతి చెప్పకపోతే ‘స్లో మోషన్ కదా’ అని తనే నెమ్మదిగా దిగుతాడు, తెర మీద నీళ్లలో నడిచినట్టు ఉంటుంది.

ఇప్పుడు అరుగు సీను. అలవాటైన పద్ధతి ఏందంటే పెద్దమనిషికి మోకాలి ఎత్తు నుంచి పైకి లో యాంగిల్, పిల్లోడికి పైనుంచి కిందికి. దాన్ని సుమో షాట్‌కు ఒక్కదానికే వాడు, కాగితం చేతికిచ్చిన క్షణం నుంచి కెమెరా ఇద్దరికీ కూర్చున్న కంటి ఎత్తుకు దింపు. ఆ దిగడమే చూసేవాళ్లకు సమాధానం చెబుతుంది, డైలాగు అక్కర్లేదు. నేల మీద సుద్దముక్కతో ఇద్దరి మధ్య గీత ఒకటి గీసుకో. రెండు వైపుల షాట్లూ గీతకు ఒకే పక్క నుంచి తియ్యి. దాటితే ఇద్దరూ ఒకే దిక్కు చూస్తున్నట్టు వచ్చి ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో తెలియదు. ఒకే మనిషి మీద వరసగా రెండు షాట్లు వేస్తే కెమెరా కనీసం 30 డిగ్రీలు జరపాలి, లేదంటే కట్ ఎగిరినట్టు ఉంటుంది.

జీతగాడు వెనకాల మసకగా నిలబడే షాట్ ఒక్కటే ఉంటే అతను సామాను కింద లెక్క. గ్లాసుల క్లోజప్ తర్వాత అతని ముఖం మీదికి ఫోకస్ తెచ్చే షాట్ ఒకటి పెట్టు, 3 సెకన్లు చాలు. ఫోను వైడ్ లెన్సు ముఖానికి దగ్గర పెట్టొద్దు, ముక్కు ఉబ్బి ముఖం వికారంగా వస్తుంది. 2 ఎక్స్ లెన్సు పెట్టి 5, 6 అడుగుల దూరం నుంచి తియ్యి. హీరోకు 2 ఎక్స్, మిగతావాళ్లకు వైడ్ అని పంచొద్దు. తెలియకుండానే అట్లా జరుగుతుంది.

ఒంటి రంగు గురించి ఎవరూ చెప్పరు, నేను చెబుతా. ఫోన్లో బ్యూటీ మోడ్ ఆన్‌లో ఉందేమో చూసి ఆపెయ్. నల్లటి చర్మాన్ని తెల్లబరిచి మైనంలా చేస్తుంది. ఇంకోటి, సున్నం కొట్టిన గోడ ముందు నలుపు మనిషిని నిలబెడితే ఆటో ఎక్స్‌పోజర్ గోడను చూసి తగ్గించేస్తుంది, ముఖం నల్ల మచ్చ అవుతుంది. పక్కనున్న తెల్లటి మనిషి మాత్రం బాగానే ఉంటాడు. అట్లా పోయేది ఎక్కువసార్లు జీతగాడి ముఖమే. ముఖం మీద వేలు నొక్కి ఎక్స్‌పోజర్ లాక్ చెయ్యి. గోడకు దూరంగా జరుపు. 2 అడుగుల తెల్ల థర్మకోల్ అట్ట ముఖానికి 3 అడుగుల దూరంలో పట్టి వెలుగు విసురు. ఇద్దరూ ఒకే ఫ్రేములో ఉంటే నల్లగా ఉన్న మనిషి వెలుగు వైపు కూర్చోవాలి.

రంగు దిద్దేటప్పుడు సీమ అనగానే నారింజ, పసుపు పులమొద్దు. ఆదోని చుట్టూ నల్లరేగడి, పత్తి. కేసీ కాలువ కింద వరి మళ్లు పచ్చగా ఉంటాయి. ఎర్ర దుమ్ము అనంతపురం వైపు ఎక్కువ. నేల ఏ రంగులో ఉందో ఆ రంగులోనే ఉండనీ.

ఒక మాట ఎస్టాబ్లిషింగ్ షాట్ గురించి, అంటే కథ జరిగే చోటు ఏదో చెప్పే షాట్. కర్నూలు కథ అనగానే కొండారెడ్డి బురుజు చూపించడం అలవాటైంది. మీ ఊరికి, ఆ బురుజుకు దాదాపు 100 కిలోమీటర్లు. మిరప కోతల కాలంలో సుగ్గి ఊళ్లలో వీధంతా తాళాలే ఉంటాయి కదా, దాంతో మొదలుపెట్టు. తుప్పు పట్టిన తాళాలు మూడు, ఒక్కొక్కటి 2 సెకన్లు. నాలుగోది మెరిసే కొత్త తాళం, 4 సెకన్లు. చోటు ఏదో తెలిసింది, జనం ఎక్కడికి పోయినారో తెలిసింది, అనుమానం మొదలైంది. 10 సెకన్లు, కత్తి లేదు.

బుగ్గవంక

శబ్దం, యాస గురించి మాత్రం రాస్తాను.

‘రాయలసీమ యాస’ అని ఒకటి లేదు. అనంతపురంలో ‘వస్తాండా’ అంటే కడపలో ‘వచ్చాండా’ అంటారు. మీ ఆదోని, కోసిగి పక్క మాటలో కన్నడ కలుస్తుంది. సినిమా యాస అంటే అన్ని ఊళ్లవీ కలిపి, చివర ‘రా’ తగిలించి, గొంతు పెంచి మాట్లాడేది. స్క్రిప్టు పుస్తక భాషలో రాసి నటులను ‘సీమ యాసలో చెప్పండి’ అంటే అదే వస్తుంది. బదులుగా సీను ఉద్దేశం మాత్రమే చెప్పి, ఆ ఊరి మనిషిని తన మాటలో చెప్పమని ఫోన్లో రికార్డు చేసుకో, దాన్ని చూసి డైలాగు రాయి. ఇంకోటి: పెద్దమనిషి, జీతగాడు యాసలో మాట్లాడి, హీరో మాత్రం టీవీ తెలుగు మాట్లాడితే యాస అంటే వెనకబాటు అని నువ్వే చెప్పినట్టు. బెంగళూరు నుంచి వచ్చినా అమ్మ గురించి అడిగేటప్పుడు పిల్లోడి నోట ‘యాడికి పోయింది?’ అనే వస్తుంది.

కాలర్ మైకు గడ్డం నుంచి జానెడు కింద, బట్ట లోపల, టేపుతో అంటించు. పంచె, ఖద్దరు చొక్కా గరగరలాడతాయి, మైకుకు రెండు పక్కలా టేపు మడతపెట్టి బట్టను కదలకుండా చెయ్యి. గట్ల మీద గాలి ఎక్కువ, మైకుకు బొచ్చు కవరు లేకుండా డైలాగు తీయొద్దు. లెవెల్ గట్టి మాటకు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగాలి. ఉన్నది ఒకటే మైకు కాబట్టి ఎవరి క్లోజప్ అయితే వాళ్లకు పెట్టి, వాళ్ల వైపు సీను మొత్తం ఒకసారి తియ్యి. ప్రతి చోటా అందరూ నోరు మూసుకుని 30 సెకన్లు ఊరి శబ్దం రికార్డు చెయ్యి. అది లేకపోతే ప్రతి కట్ దగ్గరా వెనకాల శబ్దం తెగి వినపడుతుంది.

నేపథ్య సంగీతం అంతా అయ్యాక ఒక పరీక్ష: ఫోను బోర్లా పెట్టి శబ్దం మాత్రమే విను. ఫలానా మనిషి వచ్చినప్పుడు డప్పు, ఫలానా మనిషికి కవ్వాలీ, ఆడమనిషికి వీణ వినిపించినాయా? అయితే సంగీతం వాళ్ల కులం, మతం పలుకుతోంది. తీసెయ్.

ఆదోని_ఫ్రేమ్

చిత్రావతి అక్కా, హంద్రీ అన్నా, బుగ్గవంక అన్నా, చాలా థ్యాంక్స్. తాళాల వీధి, అడంగల్ రెండూ పెట్టుకుంటున్నాం. రెండు అనుమానాలు. పెద్దమనిషి మొదటి నిమిషంలోనే మామూలు మనిషని తేలిపోతే థ్రిల్లర్ పలచబడదా? రెండోది, రిపోర్టులో ‘మేం మూసను ఎదిరించాం’ అని రాస్తే మార్కులు వేస్తారా?

పెన్నేటి_ఎడిటర్

మొదటిది: పలచబడదు, కానీ ఒక షరతు. భయం మనిషి మీద నుంచి దిగిపోయాక ఎక్కడికైనా ఎక్కాలి. ఎడిటింగులో దాన్ని తాళానికి, కాగితానికి ఎక్కించు. తాళం షాట్ సినిమాలో 4 సార్లు రావాలి. ప్రతిసారీ ఇంకొంచెం దగ్గరగా, ప్రతిసారీ ఒకే శబ్దంతో, గొలుసు గడపకు తగిలిన చప్పుడు లాంటిది. నాలుగోసారి చిత్రం లేకుండా శబ్దం ఒక్కటే వినిపించి నల్ల తెర వెయ్యి. మధ్యలో షాట్ల నిడివి తగ్గిస్తూ రా: మొదటి 2 నిమిషాల్లో సగటు 5 సెకన్లు, పాలామె తాళం సంగతి చెప్పే చోట 3, తాళం పగలగొట్టే ముందు 1.5. చూసేవాడికి తెలియకుండానే ఊపిరి బిగుస్తుంది. హంద్రీ_గట్టు గారితో ఒక్క చోట ఏకీభవించను. సుమో షాట్ 8 సెకన్లు ఎక్కువ, 5 చాలు. పద్ధతి అందరికీ కంఠస్థం, ఎక్కువ సాగదీస్తే మీరు దాన్ని మురిపెంగా చూపిస్తున్నట్టు ఉంటుంది.

రెండోది: ‘ఎదిరించాం’ అని రాయొద్దు. టైమ్‌కోడ్, షాట్, పద్ధతి, ఏం చేశారు, చూసినవాళ్లకు ఏం అర్థమైంది. ఈ ఐదూ ఉంటేనే పేరా. ఇట్లా: ‘0:52 దగ్గర పెద్దమనిషి రాకను మోకాలి ఎత్తు లో యాంగిల్‌లో, స్లో మోషన్‌లో తీశాం. ఫ్యాక్షన్ సినిమాల్లో నాయకుడి రాకకు ఇది అలవాటైన పద్ధతి. 0:57 దగ్గర కాగితం చేతులు మారగానే కెమెరాను కంటి ఎత్తుకు మార్చాం. చూసిన 10 మందిలో ఎంతమంది 0:57 తర్వాత కూడా ఆయననే అనుమానించారో కింద పట్టికలో ఉంది.’ ఇందులో విశేషణం ఒక్కటీ లేదు, అయినా వాదన ఉంది.

ఆ పట్టిక కోసం రఫ్ కట్ (తొలి విడత ఎడిటింగు) కాగానే 10 మందికి చూపించు. మీ క్లాసువాళ్లు కాదు. ఏమీ వివరించకుండా మూడే అడుగు. ఎవరిని అనుమానించినావు, ఎందుకు? ఎవరి పేరు గుర్తుంది? ఎవరికి ఏం కావాలనిపించింది? ‘ఎందుకు’ అన్నదానికి ‘చూస్తేనే తెలుస్తాంది’ అని వస్తే అక్కడ మూస ఇంకా పనిచేస్తోంది. 10 మందిలో కనీసం ముగ్గురు తండా నుంచి, ముస్లిం ఇళ్ల నుంచి, కూలి పనికి పోయేవాళ్ల నుంచి ఉండాలి. ఫైనల్ కట్ అయ్యాక అడిగితే మార్చడానికి చోటుండదు, రఫ్ కట్ దగ్గరే అడగాలి.

ఇంకో పట్టిక టైమ్‌లైన్ నుంచే వస్తుంది. పాత్ర పేరు, మాట్లాడిన వాక్యాలు, క్లోజప్‌లో ఉన్న సెకన్లు, తెర మీద మొత్తం సెకన్లు. డావిన్సీ రిజాల్వ్ అనే ఎడిటింగు సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌లో ఒక్కో పాత్రకు ఒక్కో క్లిప్ రంగు ఇస్తే చూపుతోనే తెలుస్తుంది. సుగాలి ఆమె రంగు మొత్తం మీద రెండు చోట్లే, అదీ ఒక్కొక్కటి సెకను చొప్పున కనిపిస్తే, కీలక సాక్షి అని రిపోర్టులో ఎంత రాసినా చెల్లదు. ఆడవాళ్ల షాట్లకు ఇంకో గడి పెట్టు: కెమెరా పాదాల నుంచి పైకి పాకిన షాట్లు ఎన్ని. సినిమా సిద్ధాంతకర్త లారా మల్వీ 1975లో ‘మగ చూపు’ అని విడమరిచి చెప్పింది దీన్నే. సిద్ధాంతం పేరా రాయాలంటే ఆ లెక్క పక్కన రాయి, విడిగా రాస్తే అతికించినట్టు ఉంటుంది.

షూటింగుకు ముందు చేయాల్సినవి కొన్ని మిగిలినాయి. కులం పేరుతో తిట్టే డైలాగు స్క్రిప్టులో ఉంటే తీసెయ్యండి. ఎస్సీ, ఎస్టీలను బహిరంగంగా అట్లా తిట్టడం 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. ఊరి మధ్యలో రిహార్సల్ చేస్తుంటే వినేవాళ్లకు అది నటన అని తెలియదు. అవమానం చూపించాలంటే మాట వినపడకముందే కట్ చేసి విన్న మనిషి ముఖం చూపించు. అడంగల్ నకలు సొంతంగా తయారు చేసుకోండి, సర్వే నంబరు, ఖాతా నంబరు, పేర్లు అన్నీ కల్పితం. ఎవరిదో నిజమైన నకలు క్లోజప్‌లో చూపిస్తే వాళ్ల భూమి వివరం లోకానికి చెప్పినట్టు. సుమోను రోడ్డు మీద ఆపి తీసే షాట్‌కు కాలేజీ లెటర్‌హెడ్ మీద స్టేషన్లో ముందే కాగితం ఇచ్చి, రసీదు ముద్ర వేయించుకోండి. గండికోటలో ఒక షాట్ తీద్దామని ఎవరైనా అంటే, అది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది, అనుమతి లేకుండా కుదరదు, మీ 2 రోజుల్లో అది అయ్యే పని కూడా కాదు.

తండాలో నటించేవాళ్లతో అనుమతి పత్రం తెలుగులో, ఒకే పేజీ. చదవలేనివాళ్లకు ఇంట్లోవాళ్ల ఎదుట చదివి వినిపించాలి. ‘ఫైనల్ కట్ కాకముందు నా షాట్లు తీసేయమని అడగొచ్చు’ అనే వాక్యం అందులో ఉండాలి, అడిగితే తీసేయాలి. రోజు కూలి పోతుంది కాబట్టి 6,000లో ఆ డబ్బు ముందే పక్కన పెట్టుకోండి, ‘టీ, టిఫిన్ పెడతాం’ అనొద్దు. టైటిల్స్‌లో ‘పాలామె’, ‘జీతగాడు’ అని వేయకుండా, పాత్రల పేర్లు, నటించినవాళ్ల పేర్లు హీరో పేరున్న సైజులోనే వెయ్యండి. స్పెల్లింగు వాళ్లనే అడిగి రాసుకోండి.